‘స్కామ్’లో పద్నాలుగేళ్ళు: మేనేజ్‌మెంట్ ప్యాక్ ఎక్కించేముందు నా మాట కూడా వినండి

ముందు పేరు సంగతి చెప్పేస్తాను. కంపెనీ సర్వర్లన్నిటినీ కనిపెట్టుకుని ఉండి, ఏదైనా తేడా వస్తే అలర్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. దీని అసలు పేరు మైక్రోసాఫ్ట్ సిస్టమ్ సెంటర్ ఆపరేషన్స్ మేనేజర్. ఆఫీసులో ఎవరికీ అంత ఓపిక ఉండదు, ఇంగ్లిష్ పొడి అక్షరాలు కలిపేసి ‘స్కామ్’ అంటాం. తెనాలిలో ఉండే మా అమ్మ ఒకసారి పక్కన కూర్చుని నా కాల్ మొత్తం విని, ఫోన్ పెట్టగానే "ఏమే, ఇందాకట్నించి స్కామ్ స్కామ్ అంటున్నావు, నీ ఉద్యోగానికేం కాదు కదా?" అంది. ఉద్యోగమే అదమ్మా అని నచ్చజెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది.

2011లో మాదాపూర్‌లో ఒక సర్వీస్ కంపెనీ నాక్ రూమ్‌లో, అంటే రాత్రీపగలూ సర్వర్లని కాపలా కాసే గదిలో, నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌గా చేరినప్పుడు దీని కన్సోల్, అంటే స్క్రీన్, మొదటిసారి చూశాను. అప్పుడు నడుస్తున్నది 2007 ఆర్2 వెర్షన్. 2012, 2016, 2019 దాటుకుని ఇప్పుడు 2022 మీద ఉన్నాం. 2025 ల్యాబ్‌లో పెట్టి చూస్తున్నాం. నేనూ ఆపరేటర్ నుంచి అడ్మిన్ అయ్యాను, అడ్మిన్ నుంచి టూల్స్ లీడ్ అయ్యాను. దాదాపు 1,800 సర్వర్లు ఇప్పుడు నా లెక్కలో ఉన్నాయి. ఈ రివ్యూ మాత్రం కన్సోల్ గురించి కాదు, దాని మీద ఎక్కించే మేనేజ్‌మెంట్ ప్యాకుల గురించి. డెమోలో సేల్స్ వాళ్ళు చూపించేది కన్సోల్. మనం ఏళ్ళ తరబడి కాపురం చేసేది ప్యాకులతో.

ఖాళీ స్కామ్ ఇన్‌స్టాల్ చేసి, సర్వర్ల మీద ఏజెంట్లు (సర్వర్‌లో ఉండి స్కామ్‌కి కబురు పంపే చిన్న ప్రోగ్రాములు) పెట్టి చూడండి. తన ఒంటిని తాను చూసుకోవడం కాకుండా అది చెప్పగలిగేది దాదాపు ఒక్కటే, సర్వర్ బతికుందా లేదా అని. ఏజెంట్ నిమిషానికోసారి ‘ఉన్నాను’ అంటుంది. వరసగా మూడుసార్లు అనకపోతే అలర్ట్ వస్తుంది. డిస్క్ నిండుతోందా, డేటాబేసులు నడిపే ఎస్‌క్యూఎల్ సర్వీస్ ఆగిందా, యూజర్ల లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ల మధ్య రెప్లికేషన్, అంటే డేటా కాపీ కావడం, జరుగుతోందా అన్నది దానికి పట్టదు. ఎస్‌క్యూఎల్ అనేది ఒకటి ఉంటుందనే దానికి తెలీదు. ఆ తెలివంతా ప్యాకులోంచి రావాలి.

ప్యాక్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు, ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్. ఎస్‌క్యూఎల్ ప్యాక్‌నే తీసుకుందాం. ఇన్‌స్టాన్స్ అంటే ఇది, డేటాబేస్ అంటే ఇది, ఏజెంట్ జాబ్ (ఎస్‌క్యూఎల్‌లో టైంకి నడిచే పని) అంటే ఇది అని ముందు జాతులు చెబుతుంది. వాటిని క్లాసులంటారు. అవి ఏ సర్వర్ మీద ఉన్నాయో వెతికిపెట్టే పని డిస్కవరీలది. దొరికిన ఒక్కోదాని ఆరోగ్యం చూసేవి మానిటర్లు. అంకెలు పోగుచేసేవీ, ఈవెంట్ లాగ్‌లో ఫలానాది పడితే కేకేసేవీ రూల్స్. వీటికి తోడు వ్యూలు, రిపోర్టులు, కన్సోల్‌లోంచే నొక్కి నడిపించే టాస్కులు ఉంటాయి. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది నాలెడ్జ్ పేజీ. అలర్ట్ ఎందుకొచ్చింది, ముందేం చూడాలి అని అక్కడ రాసిపెట్టి ఉంటుంది. రాత్రి రెండింటికి, పక్కన అడగడానికి ఎవరూ లేనప్పుడు, ఆ పేజీ విలువేంటో ఆపరేటర్‌గా చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అంటే, ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ బాగుంది అనాలంటే ఏమేం సరిగ్గా ఉండాలో ప్యాక్ రాసినవాళ్ళు తమ అభిప్రాయం మనకిస్తున్నారు. అభిప్రాయం అన్న మాట కావాలనే వాడాను. వాళ్ళకి మన సర్వర్లు తెలీవు, మన బ్యాకప్ టైం తెలీదు, మన క్లయింట్ శనివారం రాత్రి ఏం చేస్తాడో తెలీదు.

నాకిది తెలిసొచ్చింది నా తప్పు వల్లే. నైట్ షిఫ్ట్‌లో మాకొక అలవాటుండేది. పొద్దున ఆరింటికి షిఫ్ట్ అప్పజెప్పేలోపు అలర్ట్ బోర్డు ఖాళీగా కనిపించాలి. అందుకని ఐదున్నర నుంచి పాతవన్నీ వరసపెట్టి క్లోజ్ చేసేవాళ్ళం. అలా ఒకరోజు ఒక ఫైల్ సర్వర్ డిస్క్ అలర్ట్ క్లోజ్ చేశాను. నిజంగా సమస్యయితే మళ్ళీ వస్తుందిలే అనుకున్నాను. మళ్ళీ రాలేదు. మూడో రోజుకి డిస్క్ మొత్తం నిండిపోయి, క్లయింట్ యూజర్లు ఫైల్ సేవ్ చేసుకోలేక గోల పెట్టారు. కారణం తర్వాత తెలిసింది. రూల్ నుంచి వచ్చిన అలర్ట్‌కి జ్ఞాపకం ఉండదు, మళ్ళీ సంఘటన జరిగితే మళ్ళీ వస్తుంది. మానిటర్‌కి స్థితి ఉంటుంది: పచ్చ, పసుపు, ఎరుపు. పచ్చ నుంచి ఎరుపుకి మారిన క్షణంలో అలర్ట్ ఇస్తుంది. నేను అలర్ట్ మూసేశాను గానీ మానిటర్ ఎరుపులోనే ఉండిపోయింది. ఇక మారడానికేముంది, కొత్త అలర్ట్ ఇవ్వడానికేముంది? 2019 వెర్షన్ నుంచి, మానిటర్ ఎరుపులో ఉండగా దాని అలర్ట్‌ని చేత్తో క్లోజ్ చేయనివ్వడం లేదు. ఆ మార్పు చూసినప్పుడు మా టీంలో కొత్త పిల్లలకి అది చాదస్తంలా అనిపించింది. నాకు మాత్రం ఆ ఫైల్ సర్వర్ గుర్తొచ్చింది.

డిస్క్ గురించే ఇంకోటి. విండోస్ సర్వర్ ప్యాక్‌లో డిస్క్ ఖాళీ చూసే పాత మానిటర్ రెండు హద్దులు చూస్తుంది, ఒకటి శాతంలో, ఇంకోటి మెగాబైట్లలో. రెండూ దాటితేనే ఎర్రబడుతుంది. ఒకటి దాటి ఇంకోటి దాటకపోతే పచ్చగానే ఉంటుంది. 2 టెరాబైట్ల డ్రైవ్‌లో 4 శాతమే మిగిలిందనుకోండి. శాతం ప్రకారం ప్రమాదమే. కానీ 4 శాతమంటే 80 గిగాబైట్లు, మెగాబైట్ల హద్దుకి ఎక్కడో పైన. అలర్ట్ రాదు. మా మేనేజర్ స్క్రీన్‌షాట్ పెట్టి "టూల్ పనిచేయట్లేదా?" అని మెయిల్ రాస్తే, పనిచేస్తోంది సార్, రాసినట్టే పనిచేస్తోంది అని జవాబిచ్చాను. ఆయనకి అది తలపొగరులా అనిపించింది. కానీ ఆలోచిస్తే ఆ డిజైన్‌లో న్యాయం ఉంది. శాతం ఒక్కటే చూస్తే పెద్ద డ్రైవులన్నీ ఊరికే అరుస్తాయి, మెగాబైట్లు ఒక్కటే చూస్తే చిన్న డ్రైవులు అరుస్తాయి. మన బ్యాకప్ సర్వర్‌కి ఆ న్యాయం సరిపోకపోతే మార్చుకోవాల్సింది మనమే.

మార్చుకోవడం అనగానే ఓవర్‌రైడ్ వస్తుంది. ఈ ప్యాకుల ఏర్పాటులో నాకు బాగా నచ్చిందీ అదే, నన్ను బాగా ఏడిపించిందీ అదే.

కంపెనీ ఇచ్చే ప్యాకులు చాలావరకు సీల్ వేసి వస్తాయి. లోపల ఒక్క అంకె కూడా మార్చలేం. హద్దు మార్చాలన్నా, ఒక మానిటర్ ఆపాలన్నా, ఐదు నిమిషాలకోసారి నడిచేదాన్ని పావుగంటకోసారి చేయాలన్నా ఆ మార్పుని ఓవర్‌రైడ్ అంటారు, అది సీల్ లేని వేరే ప్యాకులో దాచుకోవాలి. మొదట్లో ఇదేం తలనొప్పి అనుకున్నాను. ఇప్పుడు చూడండి: పాల లెక్క గోడ మీది క్యాలెండర్‌లో రాసుకుంటే ఏడాది మారగానే క్యాలెండర్‌తోపాటు లెక్కా పోతుంది. నోట్‌బుక్‌లో రాసుకుంటే ఎన్ని క్యాలెండర్లు మారినా లెక్క మన దగ్గరే ఉంటుంది. కొత్త వెర్షన్ ఎస్‌క్యూఎల్ ప్యాక్ వచ్చినప్పుడు పాతదాని మీద ఎక్కించేస్తాను. నా ఓవర్‌రైడ్లు చెక్కుచెదరవు.

జాబిక్స్ అనే ఇంకో మానిటరింగ్ టూల్ వాడే మిత్రులు మాకూ టెంప్లేట్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, బాగుంటాయి, నేనూ వాడాను. కానీ అక్కడ వాళ్ళిచ్చిన టెంప్లేట్‌ని నేరుగా తెరిచి మార్చేయొచ్చు. మార్చేస్తాం కూడా, చేతికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి. తర్వాత కొత్త వెర్షన్ ఇంపోర్ట్ చేస్తే మార్పులు కొట్టుకుపోతాయి. మన హద్దుల్ని టెంప్లేట్‌లో కాకుండా హోస్ట్ (ఒక్కో సర్వర్) దగ్గర మాక్రోలుగా పెట్టుకుంటే ఆ బాధ లేదు, అందరూ పెట్టుకోరు అంతే. స్కామ్‌లో ఆ క్రమశిక్షణ మన ఇష్టానికి వదిలేయలేదు, తాళం వేసేశారు. నాగియోస్ అనే మరో టూల్‌లోనైతే ప్లగిన్ బాగుందో లేదో చెబుతూ 0, 1, 2, 3 అని ఒక అంకె తిరిగిచ్చి తప్పుకుంటుంది, మిగతాదంతా మన కాన్ఫిగ్ ఫైళ్ళలో రాసుకోవాలి. దాని హాయి దానిది.

ఏడిపించిన సంగతికొస్తాను. 2007 ఆర్2లో ఓవర్‌రైడ్ చేసేటప్పుడు ఎక్కడ దాచాలి అని అడిగే డబ్బాలో ముందుగా ‘డిఫాల్ట్ మేనేజ్‌మెంట్ ప్యాక్’ అని ఎంచి ఉండేది. పేరే డిఫాల్ట్ కదా, ఓకే కొట్టేసేవాళ్ళం. అడ్మిన్ అయిన మొదటి ఏడాది నేను కొన్ని వందల ఓవర్‌రైడ్లు అందులో పోశాను. ఇంట్లో కరెంటు బిల్లు, పెళ్ళి కార్డు, మందుల చీటీ అన్నీ ఫ్రిజ్ మీద పెట్టినట్టు. తర్వాత ఒక పాత ప్యాక్ తీసేయాల్సి వచ్చింది. డిలీట్ నొక్కితే, డిఫాల్ట్ ప్యాక్ దీని మీద ఆధారపడి ఉంది, తీయడం కుదరదు అంది. సరే అని ఆ ప్యాక్ తాలూకు ఓవర్‌రైడ్లన్నీ ఒక్కొక్కటే వెతికి తీసేశాను. మళ్ళీ డిలీట్ నొక్కాను. మళ్ళీ అదే మాట.

ఓవర్‌రైడ్ పోయినా దాని ఆనవాలు పోదు. ఎక్స్‌ఎంఎల్ పైభాగంలో రిఫరెన్స్ అని ఒక వరస మిగిలిపోతుంది. డిఫాల్ట్ ప్యాక్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ వరసా దాన్ని పట్టుకుని వేలాడేవన్నీ తీసేసి, వెర్షన్ అంకె ఒకటి పెంచి, మళ్ళీ ఇంపోర్ట్ చేయాలి. ప్రొడక్షన్‌లో, చేత్తో. ఆ రాత్రి నా పక్క సీట్లో ఉన్న సీనియర్ అన్న, "ముందు కాపీ తీశావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు నిజంగానే వెళ్ళి ఇంకో కాపీ తీశాను.

అప్పట్నుంచి మాకొక పద్ధతి ఉంది. ఒక్కో సీల్డ్ ప్యాక్‌కి ఒక్కో ఓవర్‌రైడ్ ప్యాక్. ఎస్‌క్యూఎల్‌కి ఒకటి, విండోస్ సర్వర్‌కి ఒకటి, యూజర్ల ఖాతాలు చూసే యాక్టివ్ డైరెక్టరీకి ఒకటి. పేరు చివర ఓవర్‌రైడ్స్ అని తగిలిస్తాం. డిఫాల్ట్ ప్యాక్‌లో ఎవరు చేయిపెట్టినా టీంకి బిర్యానీ వాళ్ళ ఖర్చే. ఇప్పటిదాకా నాలుగు బిర్యానీలయ్యాయి, అందులో ఒకటి నాది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని గైడ్లలో చదివినా బుర్రకెక్కదు, తగిలితేనే ఎక్కుతుంది. ఓవర్‌రైడ్‌ని మొత్తం క్లాసుకి వేయొచ్చు, ఒక గ్రూపుకి వేయొచ్చు, ఒక్క సర్వర్‌కే వేయొచ్చు. ఎంత దగ్గరి లెక్కయితే దాని మాటే చెల్లుతుంది, ఒక్క వస్తువుకి వేసింది గ్రూపు మాటని కొట్టేస్తుంది, గ్రూపుది క్లాసు మాటని కొట్టేస్తుంది. బాగుంది. అందుకని ‘టెస్ట్ సర్వర్లు’ అని ఒక గ్రూపు చేసి, గ్రూపులన్నిటికీ కలిపి ఒక ప్యాక్ పెట్టాను, నీట్‌గా ఉంటుందని. తీరా ఆ గ్రూపుకి ఎస్‌క్యూఎల్ ఓవర్‌రైడ్ వేయబోతే, నా ఎస్‌క్యూఎల్ ఓవర్‌రైడ్ ప్యాక్‌లో దాచనివ్వడం లేదు, గ్రూపు ఉన్న ప్యాక్‌లోనే పెట్టమంటోంది. సీల్ లేని ప్యాక్ ఇంకో సీల్ లేని ప్యాక్‌ని ఆధారంగా తీసుకోలేదు. అదీ సంగతి. రెండే దారులు: గ్రూపునీ ఓవర్‌రైడ్‌నీ ఒకే ప్యాక్‌లో ఉంచడం, లేదా గ్రూపుల ప్యాక్‌కి మనమే సీల్ వేసుకోవడం.

మేం సీల్ వేసుకున్నాం. దానికో తాళంచెవి ఫైల్ కావాలి, ఎంపీసీల్ అనే చిన్న టూల్‌తో వేస్తారు. మా టీంలో ఆ పని చేసిన కుర్రాడు తాళంచెవి తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత ఉద్యోగం మారాడు, ల్యాప్‌టాప్ ఐటీ వాళ్ళకిచ్చేశాడు, వాళ్ళు తుడిచేశారు. ఇక మా గ్రూపుల ప్యాక్‌కి కొత్త వెర్షన్ ఎక్కించే దారే లేదు. వేరే తాళంతో సీల్ వేస్తే స్కామ్ కళ్ళకి అది వేరే మనిషి. పాతది తీయాలంటే దాని మీద ఆధారపడిన ఓవర్‌రైడ్లన్నీ ముందు తీయాలి. రెండు శనివారాలు పోయాయి. ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే "సారీ అక్కా, అది అంత ముఖ్యమని తెలీదు" అన్నాడు. తెలియాల్సింది నాకు. ఇప్పుడు ఆ ఫైల్ పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉంది.

మైక్రోసాఫ్ట్ సొంత ఉత్పత్తులకి ప్యాకులు ఉచితం. డౌన్‌లోడ్ చేసుకోవడమే, ఖర్చంతా సిస్టమ్ సెంటర్ లైసెన్సులోనే, అది సర్వర్ కోర్ల లెక్కన. ఎస్‌క్యూఎల్‌కి ఒకప్పుడు వెర్షన్‌కో ప్యాక్ ఉండేది, 2008కి ఒకటి, 2012కి ఒకటి, 2014కి ఒకటి. ఇప్పుడు అన్నిటికీ కలిపి ఒక్కటే చేశారు, ప్రాణం హాయిగా ఉంది. దానికి కావాల్సిన లాగిన్ విషయంలో మాత్రం డీబీఏలతో, అంటే డేటాబేసులు చూసుకునేవాళ్ళతో, ప్రతి క్లయింట్ దగ్గరా ఒకసారి పేచీ ఉంటుంది. "సిస్‌అడ్మిన్ హక్కులివ్వం మేడమ్" అనేది మొదటి మాట. సిస్‌అడ్మిన్ అంటే పూర్తి పెత్తనం. ఇవ్వక్కర్లేదు. ఏజెంట్ సర్వీసుకి ఉండే సొంత గుర్తింపుకే ఎస్‌క్యూఎల్‌లో లాగిన్ చేసి, గైడ్‌లో రాసిన కొద్దిపాటి హక్కులిస్తే చాలు. ఆ పేజీ ప్రింట్ తీసుకుని వెళ్తాను. కాగితం చూపిస్తే సగం వాదన తగ్గుతుంది. లైనక్స్ ప్యాకులున్నాయి, మా అవసరానికి సరిపోయాయి, వాటి మీద నాకు ప్రత్యేకంగా చెప్పాల్సిందేం లేదు.

బయటి కంపెనీలు అమ్మే ప్యాకుల దగ్గరే జేబూ ఒళ్ళూ రెండూ చూసుకోవాలి. స్టోరేజ్, బ్యాకప్, ప్రింటింగ్, మెసేజింగ్, అన్నిటికీ ఎవరో ఒకరు ప్యాక్ అమ్ముతారు. కొన్ని అద్భుతంగా ఉంటాయి. కొన్నిటిని చూస్తే, ఉత్పత్తి తెలిసినవాళ్ళు రాశారు గానీ స్కామ్ తెలిసినవాళ్ళు రాయలేదని తెలిసిపోతుంది. ఒకటి చెబుతాను, ఎవరిదో చెప్పను. మెసేజ్ క్యూలు, అంటే అప్లికేషన్లు పంపుకునే సందేశాల వరసలు, చూసే ప్యాక్ అది. ల్యాబ్‌లో మూడు క్యూలతో పెట్టి చూశాం, బంగారంలా నడిచింది. ప్రొడక్షన్‌లో ఎక్కించిన రాత్రి ఒంటిగంటన్నరకి అప్లికేషన్ టీం నుంచి ఫోన్. సర్వర్ ఐదు నిమిషాలకోసారి ఊపిరాడనట్టు ఆగిపోతోందని. లాగిన్ అయి టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను. అంతా మామూలుగా ఉంది. గడియారం ఐదు నిమిషాల గీత దాటగానే స్క్రిప్టులు నడిపే సీస్క్రిప్ట్ అనే ప్రాసెస్ ఒకటి, రెండు, పది... స్క్రీన్ నిండిపోయి కిందికి జారింది. సీపీయూ గీత నిట్టనిలువుగా లేచింది. అర నిమిషం తర్వాత అన్నీ మాయం. ఆ సర్వర్‌లో 64 క్యూలున్నాయి.

స్కామ్‌లో దీనికొక ఏర్పాటుంది, కుక్‌డౌన్ అంటారు. ఒకే స్క్రిప్టు, ఒకే టైము, ఒకే పారామీటర్లు అయితే ఎన్ని మానిటర్లు అడిగినా ఏజెంట్ దాన్ని ఒక్కసారే నడిపి, వచ్చిన ఫలితాన్ని అందరికీ పంచుతుంది. పంక్తిలో 64 మంది కూర్చుంటే ఒక్క గుండిగలో వండి వడ్డించడం అన్నమాట. ఆ ప్యాక్ రాసినాయన స్క్రిప్టుకి క్యూ పేరుని పారామీటర్‌గా ఇచ్చాడు. పేరు మారితే పారామీటర్ మారినట్టే, ఇక కలిపి వండడం కుదరదు. విస్తరికో పొయ్యి వెలిగింది. ల్యాబ్‌లో మూడు పొయ్యిలే కాబట్టి పొగ కనపడలేదు.

ఓవర్‌రైడ్‌తో మనం కూడా చేజేతులా కుక్‌డౌన్‌ని చెడగొట్టగలం. నాలుగు మానిటర్లు ఒకే స్క్రిప్టు మీద ఆధారపడినప్పుడు, క్లయింట్ అడిగాడని అందులో ఒక్కదాని టైము మార్చామనుకోండి. అదొక్కటి పంక్తి లేచిపోయి విడిగా వండించుకుంటుంది. మారిస్తే నాలుగింటికీ కలిపి మార్చాలి. మంచి ప్యాక్ గైడ్‌లో ఏవేవి జంటగా ఉన్నాయో రాసి ఉంటుంది. రాయని ప్యాక్‌ని నేను అనుమానంగానే చూస్తాను.

ఇప్పుడు కొత్త ప్యాక్ వస్తే నేనేం చేస్తానంటే, ముందు గైడ్ మొత్తం చదువుతాను. బోర్ కొట్టినా చదువుతాను. తర్వాత ఎంపీ వ్యూయర్ అనే చిన్న టూల్‌లో తెరిచి, డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉన్న మానిటర్లు ఎన్ని, అందులో అలర్ట్ ఇచ్చేవి ఎన్ని, ఏ స్క్రిప్టు ఎంతసేపటికోసారి నడుస్తుంది అని చూస్తాను. ఓవర్‌రైడ్ ప్యాక్ ముందే తయారుగా పెట్టుకుంటాను. వర్కింగ్ డే మధ్యలో ఇంపోర్ట్ చేయను. ఇంపోర్ట్ చేసిన క్షణం నుంచి సంబంధం ఉన్న ఏజెంట్లన్నిటికీ కొత్త కాన్ఫిగరేషన్ వెళ్తుంది. ఏజెంట్ ఉన్న సర్వర్‌లో ఆపరేషన్స్ మేనేజర్ లాగ్ తెరిస్తే 1201 ఈవెంట్, అంటే కొత్త ప్యాక్ అందిందని. తర్వాత 1210, అంటే కొత్త కాన్ఫిగరేషన్ అమల్లోకి వచ్చిందని. ఆ 1210 చూసేదాకా నాకు టీ దిగదు.

చూశాక కూడా కంగారు పడకూడదు. డిస్కవరీలు కొన్ని నాలుగు గంటలకోసారి, కొన్ని రోజుకోసారి నడుస్తాయి. ఇంపోర్ట్ చేసిన పావుగంటకే "అక్కా, ఏం కనిపించట్లేదు, మళ్ళీ ఇంపోర్ట్ చేయనా?" అని ప్రతి కొత్త అడ్మినూ అడుగుతాడు. వద్దు నాన్నా, ఇంటికెళ్ళి పడుకో అంటాను. పొద్దునకి అన్నీ వచ్చి ఉంటాయి. వాటితోపాటు అలర్ట్ల వరదా వచ్చి ఉంటుంది. పాత ఎస్‌క్యూఎల్ ప్యాక్ మొదటిసారి ఎక్కించిన మర్నాడు మాకు 3,400 అలర్ట్లు. అందులో పెద్ద వాటా ఎస్‌క్యూఎల్ ఉచిత వెర్షన్ అయిన ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ డేటాబేసులది. అక్కడ ఆటో క్లోజ్, అంటే ఎవరూ వాడనప్పుడు డేటాబేస్ దానంతటదే మూసుకోవడం, ఆన్‌లో ఉండడం మామూలే, ప్యాక్‌కి అది నచ్చదు. నిజంగా చూడాల్సినవి పదిహేడు.

ఆ పదిహేడుని ఆ 3,400లోంచి ఏరే పనే మా అసలు ఉద్యోగం. 2016 నుంచి కన్సోల్‌లోనే ‘ట్యూన్ మేనేజ్‌మెంట్ ప్యాక్స్’ అని ఒక చోటుంది, ఏ ప్యాక్ ఎన్ని అలర్ట్లిస్తోందో లెక్కకట్టి పైనుంచి కిందికి చూపిస్తుంది. మేము ప్రతి మంగళవారం అందులో పైన ఉన్న ఐదింటిని తీసుకుంటాం. ప్యాక్ మాట సరైనదైతే సర్వర్ సరిచేయమని ఆ టీంకి చెబుతాం. మన దగ్గర వర్తించకపోతే ఓవర్‌రైడ్, ఎందుకు వేశామో వివరణలో ఒక వాక్యం. ఆ వాక్యం రాయకపోతే ఆర్నెల్ల తర్వాత మన ఓవర్‌రైడ్ మనకే అర్థంకాదు. అక్కర్లేని వస్తువులే కనిపిస్తుంటే మానిటర్లు ఆపడం దండగ, డిస్కవరీనే ఆ గ్రూపుకి ఆపేసి, అప్పటికే దొరికినవాటిని పవర్‌షెల్ కమాండ్‌తో ఊడ్చేయాలి. డిస్కవరీ ఆపినంత మాత్రాన దొరికినవి వాటంతటవే పోవు, ఇది చాలామందికి తెలీదు.

నాలెడ్జ్ పేజీలో మన సొంత మాట కూడా రాసుకోవచ్చు, కంపెనీ నాలెడ్జ్ అంటారు. మా రాత్రి షిఫ్ట్ వాళ్ళ కోసం ఒకదానికింద ‘ఇది బ్యాకప్ వల్ల వస్తుంది, మూడింటిదాకా ఆగి చూడండి, తగ్గకపోతేనే ఫోన్ చేయండి’ అని తెలుగులోనే రాశాను. ఆడిట్‌కి వచ్చినాయన ఇదేం భాష అని అడిగాడు. నైట్ షిఫ్ట్ భాష అన్నాను.

మార్కులేయమంటే: విండోస్ సర్వర్ ప్యాక్‌కి ఐదుకి నాలుగు, ఇప్పటి ఎస్‌క్యూఎల్ ప్యాక్‌కి నాలుగున్నర. మొత్తం ఏర్పాటుకి, అంటే సీల్, ఓవర్‌రైడ్, క్లాసులు, వీటన్నిటికీ నాలుగు. ఒక మార్కు ఎందుకు కోశానంటే, నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది, ఆ ఏడాదిలో చేసే తప్పులు మూడేళ్ళు వెంటాడతాయి. 50 సర్వర్లుండి, ఒక్కరే అడ్మిన్ అయితే దీని జోలికి వెళ్ళొద్దు, జాబిక్స్ పెట్టుకుని హాయిగా ఉండండి. విండోస్, ఎస్‌క్యూఎల్ వందల్లో ఉండి, ప్యాకుల బాగోగులు చూడడానికే ఒక మనిషిని కేటాయించగలిగితే, అప్పుడు తీసుకోండి. ఆ మనిషికి ఇంకో పది పనులు అప్పజెప్పకండి.

బయటి ప్యాక్ కొనమని ఎవరైనా వస్తే ఇప్పుడు నేను డెమో చూడను. ముందు మూడు అడుగుతాను. ఒక సర్వర్‌లో మీ వస్తువులు వంద ఉంటే మీ స్క్రిప్టు ఐదు నిమిషాల్లో ఎన్నిసార్లు నడుస్తుంది? ఏ మానిటర్లు ఒకే స్క్రిప్టుని పంచుకుంటాయో రాసిన గైడ్ ఉందా? కొత్త వెర్షన్ పాతదాని మీద నేరుగా ఎక్కుతుందా, లేక పాతది తీసేసి పెట్టాలా? పోయిన నెల ఒక స్టోరేజ్ ప్యాక్ అమ్మకందారు మొదటిదానికి "మంచి ప్రశ్న మేడమ్" అన్నాడు, రెండోదానికి గైడ్ పంపిస్తానన్నాడు, మూడోదానికి ఫోన్ మ్యూట్‌లో పెట్టి వాళ్ళ ఇంజినీర్‌ని అడిగాడు. తీసేసి పెట్టాలట. గైడ్ ఇంకా రాలేదు.